అన్నం ఎలా తింటున్నాడమ్మాయ్?

1973 జులైలో డెట్రాయిట్‌లో దిగాను. గుంటూరు మెడికల్ కాలేజీ పట్టా, విదేశీ డాక్టర్లకి అమెరికా పెట్టే ఇ.సి.ఎఫ్.ఎం.జి. పరీక్ష పాసైన కాగితం, అప్పటి రూలు ప్రకారం చేతిలో ఎనిమిది డాలర్లు. మా వారు ఏడాది ముందే వచ్చి మిషిగన్‌లో రెసిడెన్సీ చేస్తున్నారు. ఆయన రాత్రి డ్యూటీకి వెళ్ళిపోతే రెండు గదుల ఇంట్లో నేనూ, ఒక నలుపు తెలుపు టీవీ మిగిలేవాళ్ళం. "ఇక్కడి ఇంగ్లీషు చెవికి పట్టాలంటే అది పెట్టుకుని కూర్చో" అని చెప్పి వెళ్ళేవారు.

ఆ వేసవంతా వాటర్‌గేట్ విచారణే, ప్రెసిడెంట్ నిక్సన్ మనుషులు ప్రతిపక్ష పార్టీ ఆఫీసులో చొరబడ్డ వ్యవహారం మీద. పగలు సెనేట్‌లో జరిగినదాన్ని రాత్రి పబ్లిక్ టీవీ వాళ్ళు మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ వేసేవాళ్ళు. వరసగా కూర్చున్న ఏడుగురు సెనేటర్లలో ఛైర్మన్ శామ్ ఎర్విన్ మాట నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. దక్షిణాది యాస, పైగా బైబిల్ వాక్యాలు. ఒక్క మనిషి మాట మాత్రం మొదటి రోజు నుంచే పూర్తిగా అందింది. లోతైన గొంతు. తొందర లేదు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కో మాటనూ ఏరి, విడిగా పెట్టేవాడు. ముఖం చూస్తే తెల్లవాడు కాదు. హవాయి నుంచి వచ్చిన డేనియల్ ఇనోయే, జపాన్ నుంచి వలస వచ్చిన కుటుంబం బిడ్డ.

రెండో రోజో మూడో రోజో గమనించాను. కాగితాలన్నీ ఎడం చేత్తోనే తిప్పుతున్నాడు. కోటు కుడి చెయ్యి ఖాళీగా వేలాడుతోంది, అంచు జేబులోకి దోపి ఉంది.

ఆగస్టు ఒకటో తారీఖున నిక్సన్ మనుషుల తరఫు లాయరు ఒకాయన బయట విలేకరులతో మాట్లాడుతూ ఆయన్ని "ఆ పొట్టి జాప్" అన్నాడు. మర్నాడు ఆసుపత్రి ఫలహారశాలలో అందరి నోటా అదే మాట. నాకు 'జాప్' అంటే ఏమిటో తెలియదు. పక్కన కూర్చున్న నర్సును అడిగాను. ఆవిడ ముఖం ఎర్రబడింది. "అది జపాన్ వాళ్ళని తిట్టే మాట, మంచిది కాదు డాక్టర్. ఆ చెయ్యి ఆయన ఈ దేశం కోసమే పోగొట్టుకున్నాడు" అంది. ఆవిడ అన్న ఆ మాట పట్టుకునే నేను లైబ్రరీకి వెళ్ళాను.

అప్పటికే ఆయన తన బతుకు కథ పుస్తకంగా రాసుకుని ఉన్నాడు. తెచ్చుకుని చదివాను. ఈ దేశంలో నేను పూర్తిగా చదివిన మొదటి పుస్తకం అదే.

1924లో హొనొలులులో పుట్టాడు. 1941 డిసెంబర్ ఏడున పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడ్డప్పుడు పదిహేడేళ్ళవాడు. ప్రథమ చికిత్స నేర్చుకుని ఉండటంతో ఆ పూటే గాయపడ్డవాళ్ళ దగ్గరికి పరిగెత్తాడు. డాక్టరు కావాలనే కోరిక. కావాలనుకున్నది సర్జన్. అక్కడ నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు ఊరకే కూర్చున్నాను. నేనూ సర్జన్ కావాలనే వచ్చాను. ఇంటర్వ్యూకి పిలిచిన ఒక ఆసుపత్రిలో నా మార్కులు చూడనైనా చూడకుండా, "మీ దేశం ఆడవాళ్ళు ఇంత కష్టమైన పని చెయ్యగలరా?" అని అడిగి పంపేశారు. చివరికి ఎవరూ పోటీపడని విభాగంలో చోటు దొరికింది. ఫిజికల్ మెడిసిన్, రిహాబిలిటేషన్. పక్షవాతం వచ్చినవాళ్ళు, వెన్ను విరిగినవాళ్ళు, కాళ్ళూ చేతులూ తీసేసినవాళ్ళు నా రోగులు.

పెర్ల్ హార్బర్ తర్వాత అమెరికా ప్రధాన భూభాగంలో లక్షా ఇరవై వేల మంది జపాన్ సంతతి వాళ్ళని ఇళ్ళూ వాకిళ్ళూ వదిలించి ముళ్ళకంచెల శిబిరాల్లో పెట్టారు. వాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే పుట్టిన పౌరులు. ఆ కుర్రాళ్ళని సైన్యంలోకి తీసుకోవడమే మానేశారు. 1943లో ఆ నిషేధం ఎత్తేసి, వాళ్ళతోనే 442వ దళం అని వేరేగా కట్టారు. ఇనోయే వైద్యం చదువుకు ముందు చదివే కోర్సు వదిలేసి అందులో చేరాడు. ఆ దళం ఇటలీలో పోరాడింది. ఫ్రాన్స్‌లో వోజ్ కొండల్లో జర్మన్ల మధ్య చిక్కుకుపోయిన టెక్సస్ దళాన్ని బయటికి తెచ్చింది. తర్వాత మళ్ళీ ఇటలీకి వచ్చింది.

1945 ఏప్రిల్ 21. టస్కనీలో శాన్ తెరెంజో అనే ఊరి దగ్గర కొల్లె ముసతెల్లో అనే గుట్ట. పైన మూడు జర్మన్ మెషిన్ గన్లు. ఇరవై ఏళ్ళ సెకండ్ లెఫ్టినెంట్ తన మనుషులతో పైకి పాకుతున్నాడు. కడుపులో గుండు దిగింది. ఆగలేదు. మొదటి గన్నును పడగొట్టాడు, రెండోదాన్ని పడగొట్టాడు. మూడోదాని మీదికి గ్రనేడ్ విసరడానికి కుడి చెయ్యి వెనక్కి ఎత్తాడు. అటునుంచి వచ్చిన రైఫిల్ గ్రనేడ్ సరిగ్గా మోచేతికి తగిలింది. చెయ్యి నరాల మీద వేలాడుతోంది. పిన్ను లాగిన గ్రనేడ్ ఇంకా ఆ పిడికిట్లోనే ఉంది.

ఇక్కడ నేను డాక్టరుగా ఒక మాట చెప్పాలి. అలాంటి దెబ్బ తగిలిన చేతి మీద మనిషికి ఇక ఏ అధికారమూ ఉండదు. కండరాలు బిగుసుకుపోయాయి గనక పిడికిలి మూసుకుని ఉంది. అది వదులైతే గ్రనేడ్ పేలుతుంది, ఎప్పుడు వదులవుతుందో ఆయనకీ తెలియదు. సాయం చెయ్యడానికి మనుషులు పరిగెత్తుకొస్తుంటే దగ్గరికి రావద్దని అరిచాడు. ఎడం చేత్తో తన కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటీ విప్పదీసి, గ్రనేడ్ లాక్కుని, ఎడం చేత్తోనే విసిరాడు. తర్వాత ఎడం చేత్తో తుపాకీ కాల్చుకుంటూ లేచాడు. కాలికి ఇంకో గుండు తగిలి గుట్ట మీంచి దొర్లిపోయాడు. స్పృహ వచ్చేసరికి చుట్టూ తనవాళ్ళు. యుద్ధం ఆపమని ఎవరూ చెప్పలేదుగా, మీ చోట్లకు మీరు పొండి అని కసిరాడట.

ఫీల్డ్ ఆసుపత్రిలో చెయ్యి తీసేశారు. అప్పటికే మార్ఫిన్ ఎక్కువ ఇచ్చి ఉండటంతో, ఇంకా మత్తిస్తే రక్తపోటు పడిపోయి ప్రాణం పోతుందని సరైన మత్తు లేకుండానే కోశారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదిహేడు సీసాల రక్తం ఎక్కించారు. సీసాల మీద దాతల పేరూ దళమూ రాసి ఉండేవట. ఇచ్చినవాళ్ళు 92వ డివిజన్‌లోని నల్లజాతి సైనికులు. ఆ సంగతి ఆయన జీవితాంతం చెప్పుకున్నాడు.

మా పెదనాన్న గురించి చెప్పాలి. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. ఆ చుట్టుపక్కల, ముఖ్యంగా మిలిటరీ మాధవరంలో, పట్టాళంలో పనిచేసినవాళ్ళు లేని ఇల్లు అరుదు. పెదనాన్న రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాస్ సాపర్స్‌లో ఉండి ఇటలీలో వంతెనలు కట్టాడు. యుద్ధం ఊసెత్తితే లేచి గొడ్ల చావిట్లోకి వెళ్ళిపోయేవాడు. అయినా సరే, ఇనోయే కథంతా నీలం రంగు ఏరోగ్రామ్ మీద సందు లేకుండా రాసి ఆయనకి పంపాను. ఆయన ఇటలీలో ఉన్నాడు, ఈయనా ఇటలీలోనే. ఆ ఏప్రిల్‌లోనే అవతలి తీరాన మన ఎనిమిదో ఇండియన్ డివిజన్ సెనియో నది దాటుతోంది. ఇద్దరి మధ్యా ఒక కొండల వరస అడ్డం.

నెలన్నరకి జవాబు వచ్చింది. ఆయన చేత్తోనే రాశాడు, వంకర టింకరగా. పొలం సంగతులు, మా అమ్మ మోకాళ్ళ నొప్పి, గేదె ఈనిన కబురు. చివర్న నాలుగు వాక్యాలు: "నువ్వు రాసిన మనిషి గురించి చదివాను. అంత పెద్ద పదవిలోకి వచ్చాడంటే సంతోషం. కుడి చెయ్యి లేదంటున్నావు. అన్నం ఎలా తింటున్నాడమ్మాయ్?"

అంతే. పతకం గురించి లేదు, సెనేట్ గురించి లేదు. నేను చాలాసేపు నవ్వుకున్నాను, తర్వాత నవ్వు ఆగిపోయింది. నా రోగుల్లో కుడి చెయ్యి పోయినవాళ్ళు ఆరుగురు. ఆ ప్రశ్న నేను ఒక్కరినీ అడగలేదు.

ఆ శనివారం త్రికోణపు గుడ్డ తీసుకుని కుడి చేతిని ఒంటికి కట్టేసుకున్నాను. పొద్దున్న లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా విప్పకూడదని నియమం. పళ్ళు తోముకోవడం ఎలాగో అయింది. పేస్టు మూత తియ్యడానికి గొట్టాన్ని మోకాళ్ళ మధ్య పెట్టుకోవాల్సి వచ్చింది. జాకెట్ హుక్కులు పెట్టుకోలేకపోయాను. జడ సంగతి చెప్పక్కర్లేదు. మూడు పాయలకి రెండు చేతులూ కావాల్సిందే. మా వారే కూర్చుని వేశారు, జీవితంలో మొదటిసారి, నాలుక బయటపెట్టుకుని మరీ శ్రద్ధగా.

మధ్యాహ్నం అన్నం వడ్డించుకున్నాను. పప్పు, గోంగూర లేదు గనక డబ్బాలోంచి తీసిన పాలకూర, చివర్న పెరుగు. ఎడం చేత్తో కలపబోయాను. కలపలేక కాదు. చెయ్యి ముద్దని పట్టుకుని నోటిదాకా వచ్చి, పెదాల దగ్గర ఆగిపోయింది. ఎడం చేత్తో పువ్వు తీసుకున్నా, ఎవరికైనా రూపాయి ఇచ్చినా, చిన్నప్పుడు మా అమ్మ వేళ్ళ మీద కొట్టేది. ఆ చెయ్యి దేనికో, అన్నానికి దానికీ ఎంత దూరమో, ఒంట్లో ఇంకిపోయి ఉంది. చెంచా తెచ్చుకున్నాను. చెంచాతో పప్పన్నం తింటుంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మా వారు కంగారుపడి కట్టు విప్పబోయారు. వద్దన్నాను.

సోమవారం నుంచి నా పని తీరే మారిపోయింది.

ఆ చలికాలం ఒక రైతు చేరాడు. ఇక్కడ మొక్కజొన్న కోసే యంత్రంలో కంకులు ఇరుక్కుంటే ఇంజన్ ఆపకుండా చెయ్యి పెట్టి లాగుతారు. అది చేతిని కూడా కంకిలాగే లోపలికి లాగేసుకుంటుంది. మిషిగన్, ఒహాయో పల్లెల్లో ఆ రోజుల్లో ఇలాంటివి ప్రతి పంటకీ జరిగేవి. ఈయనకి కుడి చెయ్యి మోచేతి పైదాకా పోయింది. యాభై దాటిన మనిషి. గోడవైపు తిరిగి పడుకునేవాడు, భార్య తినిపించబోతే పళ్ళు బిగించేవాడు. నేను పళ్ళెం తీసుకుని పక్కన కూర్చుని, కుడి చెయ్యి వీపు వెనక్కి పెట్టుకుని, ఎడం చేత్తో నా లంచ్ తినడం మొదలుపెట్టాను. సగం నా తెల్లకోటు మీద పడింది. కాసేపటికి ఆయన ఇటు తిరిగాడు. ఇంకాసేపటికి, "ఫోర్కు అలా పట్టుకోకూడదు, పిడికిలి వదులు చెయ్యి" అన్నాడు. వారం రోజుల్లో ఆయనే నాకు నేర్పాడు.

ఆయనకి నేను సిగరెట్టు కథ చెప్పాను. ఇనోయే మంచం మీద ఉన్నప్పుడు నర్సును సిగరెట్ అడిగితే, ఆవిడ కొత్త పెట్టె ఒకటి గుండెల మీద పడేసి వెళ్ళిపోయిందట. ఒంటి చేత్తో, పళ్ళతో పీకి పీకి పెట్టె చింపి సిగరెట్లన్నీ పాడు చేసుకున్నాడు. ఆవిడ తిరిగి వచ్చి, ఒక చేత్తో పెట్టె ఎలా విప్పాలో, అగ్గిపుల్ల ఎలా గియ్యాలో చేసి చూపించింది. ఇక మీదట అన్నీ నువ్వే కనిపెట్టుకోవాలి అంది. తనకి కొత్త బతుకు ఆ క్షణంలో మొదలైందని ఇనోయే చెప్పుకున్నాడు. పొగ తాగడాన్ని నేను ఏ రోగి దగ్గరా మెచ్చుకోలేదు. ఆ నర్సుకి మాత్రం మనసులో ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నానో.

పెదనాన్నకి మళ్ళీ రాశాను. "ఎడం చేత్తోనే తింటున్నాడు పెదనాన్నా. వాళ్ళూ అన్నం తినేవాళ్ళే" అని.

1976 డిసెంబర్ 26న మా రాష్ట్ర సెనేటర్ ఫిలిప్ హార్ట్ పోయారు. క్యాన్సర్. సెనేట్‌కి ఆయనే అంతరాత్మ అని తోటివాళ్ళు అనేవారు. మర్నాడు పేపర్లో వచ్చిన నివాళి చదువుతూ రెండు చోట్ల ఆగిపోయాను. మొదటిది, 1965 వలస చట్టం. దాని పేరే హార్ట్-సెల్లర్ చట్టం. అంతకు ముందు మన దేశం మొత్తానికి ఏడాదికి వంద మందికే ఇక్కడ స్థిరపడే అవకాశం. 1965 అక్టోబర్ 3న ప్రెసిడెంట్ జాన్సన్ లిబర్టీ విగ్రహం పాదాల దగ్గర కూర్చుని ఈ చట్టం మీద సంతకం పెట్టాకే మాలాంటి డాక్టర్లకి, ఇంజనీర్లకి తలుపు తెరుచుకుంది. గుంటూరు నుంచి, విశాఖపట్నం నుంచి, ఉస్మానియా నుంచి వచ్చి డెట్రాయిట్ చుట్టుపక్కల చేరినవాళ్ళం అందరం ఆ మనిషి తెరిచిన తలుపులోంచి వచ్చినవాళ్ళమే. అన్నేళ్ళు ఆయన రాష్ట్రంలోనే ఉండి ఆ సంగతి నాకు తెలియలేదు.

రెండోది ఇంకా పెద్ద ఆశ్చర్యం. హార్ట్ నార్మండీలో, యూటా బీచ్‌లో దిగిన రోజు కుడి చేతికి దెబ్బ తగిలి, బాటిల్ క్రీక్‌లోని పెర్సీ జోన్స్ సైనిక ఆసుపత్రిలో ఉన్నాడు. అదే ఆసుపత్రిలో ఇనోయే ఉన్నాడు. అదే ఆసుపత్రిలో కాన్సాస్ కుర్రాడు బాబ్ డోల్ ఉన్నాడు. ఇనోయేకి గాయమైన దానికి సరిగ్గా వారం ముందు, ఏప్రిల్ 14న, ఇటలీ కొండల్లోనే డోల్ కుడి భుజం ఛిద్రమైంది. ఆ చెయ్యి ఉంది, పనిచెయ్యదు. ముగ్గురివీ కుడి చేతులే.

అప్పటికి మేం కలమజూ వైపు మారాం. బాటిల్ క్రీక్ అక్కడికి అరగంట దూరం. ఒక ఆదివారం నేనూ మా వారూ వెళ్ళాం. ఊళ్ళోకి అడుగుపెట్టగానే వేగిన ధాన్యం వాసన వస్తుంది. పేలాలు వేయించేటప్పుడు మన వీధుల్లో వచ్చే వాసనకి దగ్గరగా ఉంటుంది. కార్న్‌ఫ్లేక్స్ పుట్టిన ఊరు మరి. ఆ ఆసుపత్రి భవనం కూడా డాక్టర్ కెల్లాగ్ శానిటోరియమే, ధనికులు వచ్చి ఒళ్ళు బాగుచేసుకునే చోటు. 1928లో పదిహేనంతస్తుల టవర్ కట్టారు. తర్వాత రోజులు బాగోలేక 1942లో సైన్యానికి అమ్మేశారు. చేతులూ కాళ్ళూ పోయిన సైనికులకి దేశంలోనే అతిపెద్ద ఆసుపత్రుల్లో ఒకటయింది. 1953లో మూతపడేదాకా లక్ష మందికి దగ్గరగా అక్కడ వైద్యం పొందారు. తర్వాత గవర్నమెంటు ఆఫీసులు వచ్చాయి.

ఆ రోజు ఆదివారం, తలుపులు మూసి ఉన్నాయి. బయట పచ్చిక మీద నిలబడి పైకి చూశాను. ఏ కిటికీ వెనక కూర్చుని పేకాడారో. ఇనోయే, డోల్ అక్కడ బ్రిడ్జ్ ఆడుకునేవాళ్ళు, ఒక్కో చేత్తో. బయటికి వెళ్ళాక ఏం చేస్తావని ఇనోయే అడిగితే, డోల్ తన పథకం మొత్తం చెప్పాడట. లా చదువుతాను, కౌంటీ అటార్నీ అవుతాను, రాష్ట్ర శాసనసభ, ఆ తర్వాత కాంగ్రెస్. సర్జన్ కావాలన్న ఆశ అప్పుడే పోగొట్టుకున్న ఇనోయేకి ఆ మాట నచ్చింది. ఆయనా లా చదివాడు. హవాయి రాష్ట్రమైన 1959లో డోల్ కంటే ముందే కాంగ్రెస్‌కి చేరిపోయి, "నేను వచ్చేశాను, నువ్వెక్కడ?" అని కబురు పెట్టానని నవ్వుతూ చెప్పేవాడు. ఒకరు డెమొక్రాట్, ఒకరు రిపబ్లికన్. చచ్చేదాకా స్నేహం చెడలేదు.

మేం ఉండే కలమజూలో పేవ్‌మెంట్ చివర్లు రోడ్డులోకి ఏటవాలుగా దిగుతాయి, చక్రాల కుర్చీలు దిగడానికి. ఇవాళ ఎక్కడైనా ఉంటాయి. కలమజూలో 1945లోనే వేశారు, యుద్ధం నుంచి వచ్చిన కుర్రాళ్ళ కోసం. నా రోగులు రోజూ ఆ వాలు మీదుగానే ఆసుపత్రికి వచ్చేవాళ్ళు.

ఇనోయే ఆసుపత్రుల్లో ఇరవై నెలలున్నాడు. ఎడం చేత్తో రాయడం, కారు నడపడం, పియానో వాయించడం అన్నీ అక్కడే నేర్చాడు. 1947 మేలో కెప్టెన్‌గా సైన్యం వదిలాడు. ఇంటికి పోతూ శాన్‌ఫ్రాన్సిస్కోలో క్షవరం చేయించుకుందామని ఒక షాపులోకి వెళ్ళాడు. ఒంటి మీద యూనిఫాం, రొమ్ము మీద వరసగా పతకాల రిబ్బన్లు, కుడి చెయ్యి ఉండాల్సిన చోట ఇనప కొక్కెం. "జాప్‌లకి ఇక్కడ క్షవరం చెయ్యం" అన్నాడు మంగలి. ఆ షాపంతా పగలగొట్టగలిగేవాణ్ణి, కానీ తిరిగి వచ్చేశాను అని ఇనోయే చెప్పాడు. ఈ సంగతి చదివినప్పుడు ఇంటర్వ్యూలో నా మార్కులు చూడని డాక్టరు గుర్తొచ్చి, నేను పడ్డది ఏపాటిది అనిపించింది.

ఇక 1959 ఆగస్టు. ప్రతినిధుల సభలో ప్రమాణం. స్పీకర్ శామ్ రేబర్న్ అలవాటు ప్రకారం, "మీ కుడి చెయ్యి ఎత్తి నేను చెప్పినట్టు చెప్పండి" అన్నాడు. పైకి లేచింది ఎడం చెయ్యి. కుడి చెయ్యి లేదు. సభ మొత్తం నిశ్శబ్దం అయిపోయిందని, ఆ నిశ్శబ్దంలో టన్నుల కొద్దీ దురభిప్రాయం నేలరాలిందని ఆ రోజు అక్కడున్న సభ్యుడొకాయన తర్వాత సభలో చెప్పాడు. మనవైపు ప్రమాణానికీ, పెళ్ళిలో పట్టుకోవడానికీ, దానం ధార పొయ్యడానికీ, దీవించడానికీ అన్నిటికీ కుడి చెయ్యే. ఈ సంఘటన చదివిన రోజు పాత ఏరోగ్రామ్ బయటికి తీసి మళ్ళీ చూసుకున్నాను.

1963 నుంచి చనిపోయేదాకా సెనేటరు. దాదాపు యాభై ఏళ్ళు. హవాయికి రోడ్లు, ఓడరేవులు, ఆసుపత్రులు తేవడంలో ఎవరికీ తగ్గలేదు. దాన్ని దుబారా అన్నవాళ్ళున్నారు. నాకలా అనిపించలేదు. దూరపు దీవుల మనిషి ఢిల్లీ లాంటి చోటికి వచ్చి కూర్చుంటే తన ఊరి వాటా అడగకుండా ఎలా ఉంటాడు? శిబిరాల్లో మగ్గినవాళ్ళకి 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికీ ఇరవై వేల డాలర్లు ఇచ్చింది. ఆ చట్టం వెనక ఆయన కృషి ఉంది. 1987లో ఇరాన్-కాంట్రా వ్యవహారం (ఇరాన్‌కి రహస్యంగా ఆయుధాలమ్మి, ఆ డబ్బు నికరాగువా తిరుగుబాటుదారులకి మళ్ళించడం) మీద సెనేట్ కమిటీకి ఛైర్మన్ కూడా ఆయనే. మళ్ళీ ఆ గొంతు రోజూ టీవీలో. ఈసారి నాకు అందరి ఇంగ్లీషూ అర్థమయ్యేది. అయినా ఆయన మాట్లాడేటప్పుడే పని ఆపేదాన్ని.

1992 ఎన్నికలప్పుడు ఒక స్త్రీ ఆయన మీద లైంగిక ఆరోపణ చేసింది. ఆయన కాదన్నాడు. సెనేట్ నీతి కమిటీ దాకా వెళ్ళినా అది ముందుకు సాగలేదు. ఆ వారమంతా నా మనసు మనసులో లేదు. ఆసుపత్రుల్లో నోరు విప్పలేని ఆడపిల్లల్ని చాలామందిని చూశాను గనక, అది అబద్ధమని కొట్టిపారెయ్యలేకపోయాను. ఇరవై ఏళ్ళుగా గుండెల్లో పెట్టుకున్న మనిషి గనక నిజమని ఒప్పుకోనూ లేకపోయాను. ఇప్పటికీ అది అలాగే ఉంది. ఆయన గురించి రాస్తూ ఆ ముక్క దాచడం నాకు ఇష్టం లేదు.

కొల్లె ముసతెల్లో గుట్ట మీద చేసినదానికి అప్పట్లో ఆయనకి రెండో స్థాయి పతకమే ఇచ్చారు. అత్యున్నతమైన మెడల్ ఆఫ్ ఆనర్ 2000 జూన్ 21న వచ్చింది. యాభై అయిదేళ్ళ తర్వాత. ఆసియా సంతతి సైనికులకి ఆనాడు జాతి కారణంగా అన్యాయం జరిగిందా అని మళ్ళీ పరిశీలించి, ఇరవై ఇద్దరికి ప్రెసిడెంట్ క్లింటన్ ఒకేసారి ఇచ్చారు. చాలామంది అప్పటికే పోయారు. వాళ్ళ భార్యలు, పిల్లలు వచ్చి అందుకున్నారు. ఆ వార్త చెప్పడానికి పెదనాన్న కూడా లేడు. ఆయన పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. ఇటలీ నుంచి తెచ్చుకున్న పతకాలు రెండు ఒక పొగాకు డబ్బాలో దొరికాయని మా అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. అవి ఉన్నట్టు పెద్దమ్మకే తెలియదు.

బాటిల్ క్రీక్ భవనానికి 2003లో ముగ్గురి పేర్లూ పెట్టారు. హార్ట్-డోల్-ఇనోయే ఫెడరల్ సెంటర్. ఈసారి మనవణ్ణి తీసుకుని వెళ్ళాను. ఆరేళ్ళవాడు. పేరు చదివి, "ముగ్గురూ ఎవరు అమ్మమ్మా?" అన్నాడు. పచ్చిక మీద కూర్చోబెట్టి చెప్పాను. గ్రనేడ్ దగ్గరికి వచ్చేసరికి వాడు తన కుడి పిడికిలి బిగించి, ఎడం చేత్తో ఒక్కో వేలూ విప్పి చూసుకున్నాడు. రెండు మూడుసార్లు చేశాడు. నేను మాట్లాడకుండా చూస్తూ కూర్చున్నాను.

2012 డిసెంబర్ 17న ఇనోయే పోయారు. ఎనభై ఎనిమిదేళ్ళు. చివరి మాట 'అలోహా' అని ఆయన ఆఫీసు వాళ్ళు చెప్పారు. మూడు రోజుల తర్వాత పేటికని కాపిటల్ భవనంలో గుమ్మటం కింద ఉంచారు. నేను రిటైరై ఇంట్లోనే ఉన్నాను, పొద్దున్నుంచీ టీవీ ముందే.

బాబ్ డోల్‌ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. అప్పటికి ఎనభై తొమ్మిదేళ్ళు, పూర్తిగా వంగిపోయాడు. పేటికకి కొంత దూరంలో ఆపించి లేచాడు. డానీ నన్ను చక్రాల కుర్చీలో చూడటం నాకు ఇష్టం లేదు అన్నాడట. పక్కనున్న మనిషి చెయ్యి పట్టుకుని నడిచాడు. నేను నలభై ఏళ్ళు మనుషుల్ని నడిపించిన దాన్ని. ఒక్కో అడుగుకీ ఆ ఒంట్లో ఎక్కడెక్కడ నొప్పి పుడుతుందో నాకు కనిపిస్తోంది. తెలియకుండానే, 'బరువు ఎడం కాలి మీద వెయ్యి, తొందరపడకు' అని తెలుగులో పైకే అంటున్నాను.

పేటిక దగ్గరికి చేరాడు. నిలబడ్డాడు. కుడి చెయ్యి ఎప్పట్లాగే ఒంటికి అంటుకుని కదలకుండా ఉంది. ఎడం చెయ్యి మెల్లగా పైకి లేచి నుదుటి దాకా వెళ్ళింది. సెల్యూట్.

మా వారు వంటింట్లోంచి భోజనానికి పిలిచారు. వెళ్ళి కూర్చున్నాను. పప్పు వడ్డించారు. కుడి చేత్తో కలిపి, ముద్ద ఎడం చేతిలోకి తీసుకున్నాను.